షుగర్ ఫ్లవర్స్ టూల్స్: పెద్ద కిట్ తీసుకోవాలా, విడివిడిగా కొనుక్కోవాలా?

నిజాంపేట్ బేకర్:

నమస్తే అండి అందరికీ. నేను ఇంట్లోనే కేకులు చేస్తుంటా, ఎక్కువ బర్త్‌డేలు, అప్పుడప్పుడు ఎంగేజ్‌మెంట్లు, అన్నీ విప్పింగ్ క్రీమే. పువ్వులు అడిగితే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెప్పించి కాడలకి టేప్ చుట్టి పెట్టేస్తా. ఇప్పుడు శ్రావణంలో ఒక రిసెప్షన్‌కి మూడు టయర్ల కేక్ ఆర్డర్ వచ్చింది. పెళ్ళికూతురు ఫొటో పంపించి అచ్చం ఇలాగే కావాలి, నిజం పూలు వద్దు, ప్లాస్టిక్ అసలే వద్దు, అన్నీ పంచదారతో చేసినవే పెట్టాలి అంది. పెద్ద గులాబీలు ఓ ఏడెనిమిది, సందుల్లో చిన్న తెల్లపూలు, కొన్ని ఆకులు. ప్యూర్ వెజ్ ఫ్యామిలీ, గుడ్డు తగలకూడదని ముందే చెప్పేశారు.

ఫాండెంట్‌తో (పిండిలా పిసికే పంచదార ముద్ద) బొమ్మలు చేసిన అలవాటు ఉంది కానీ వైర్ పెట్టి పువ్వులు చేయడం ఇదే మొదలు. ఆన్‌లైన్‌లో చూస్తే మతి పోతోంది. ఒక పక్క డెబ్భై ఎనభై పీసుల కిట్, కట్టర్లు, ప్లంజర్లు (నొక్కితే కోసిన ముక్కని బయటికి తోసే కట్టర్లు), రంగురంగుల ప్లాస్టిక్ టూల్స్, ఫోమ్, అన్నీ ఒకే డబ్బాలో. ఇంకో పక్క ఒక్క గులాబీ రేకు వెయినర్ (రేకు మీద ఈనెల అచ్చు వేసేది) ఆ కిట్ మొత్తం అంత రేటు. బాల్ టూల్ (కొసన గుండు ఉండే పుల్ల) ప్లాస్టిక్‌ది ఒక రేటు, స్టీల్‌ది ఇంకో రేటు, తేడా ఏంటో చేసేవాళ్ళే చెప్పాలి. బడ్జెట్ నాలుగైదు వేలు (మా ఆయనకి మాత్రం మూడు అని చెప్పా). పైగా వానాకాలం, పువ్వులు నిలబడతాయా అని అదో భయం. కిట్ ఆర్డర్ పెట్టేయనా?

బర్కత్‌పురా బ్రౌనీ:

అక్కా కిట్ జోలికి పోకు. గా డబ్బాల ఉండేవాటిల సగం ఫాండెంట్ పనికొచ్చేవి, పువ్వుకు కాదు. ప్లంజర్ కట్టర్‌తోని కొట్టిన పువ్వు కప్‌కేక్ మీద పెడితే ముద్దుగుంటది, గంతే, పెళ్ళి కేక్ మీద అది గులాబీ అనిపించుకోదు. నువ్వు చేసేదేంది, గులాబీ, ఓ చిన్న తెల్లపువ్వు, ఆకు. మూడే. ఆ మూడింటికి ఏం కావాల్నో రాసుకొని అవే కొను, మిగిలిన పైసలు వైర్ల మీద, పేస్ట్ (పువ్వులు చేసే పంచదార ముద్ద) మీద పెట్టు, ప్రాక్టీస్‌కు పేస్ట్ మస్తు పడ్తది.

ఇంకోటి, ఒకపాలి బేగంబజార్ పోయి బేకింగ్ సామాన్లమ్మే షాపులల్ల చేత్తోని పట్టుకొని చూడు. ఫొటోల కట్టర్ ఎంతున్నదో తెల్వదు, ఇంటికొచ్చినంక చూస్తే బొటనవేలంత ఉంటది.

సైనిక్‌పురి షుగర్‌క్రాఫ్ట్:

బ్రౌనీ చెప్పింది కరెక్టే. నేను క్లాసులు చెప్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు బాల్ టూల్. రేకు అంచు పల్చబడి అలలా వంకర తిరిగితేనే అది పువ్వులా కనిపిస్తుంది, ఆ పని చేసేది ఇదొక్కటే. చవక ప్లాస్టిక్ బాల్‌కి మధ్యలో అచ్చు అతుకు గీత ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది, ఆ గీత పల్చటి రేకుని గీరేసి చింపుతుంది. స్టీల్‌కి ఆ గొడవ లేదు, బరువుగా కూడా ఉంటుంది కాబట్టి మీరు నొక్కక్కర్లేదు, ఊరికే జరిపితే చాలు. గులాబీకి ఒక పెద్ద బాల్, చిన్న పూలకి ఒక చిన్నది, రెండు వైపులా రెండు సైజులున్న టూల్ ఒక్కటి తీసుకుంటే సరిపోతుంది. వాడేటప్పుడు బాల్ సగం రేకు అంచు మీద, సగం ఫోమ్ మీద ఉండాలి. మొత్తం రేకు మీదకి తెచ్చేస్తే అంచు పల్చబడదు, రేకు గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, అది కూడా కావాల్సిందే కానీ తర్వాత. ఫోమ్ ప్యాడ్ మరీ మెత్తగా ఉంటే రేకు దిగిపోయి చిరుగుతుంది, మరీ గట్టిదైతే అంచు తిరగదు, కొనేముందు వేలితో నొక్కి చూడండి.

కట్టర్ల విషయం. గులాబీకి రెండు దారులున్నాయి. ఒకటి అయిదు రేకుల కట్టర్, అయిదూ కలిసి ఒకేసారి తెగుతాయి, మధ్యలోంచి వైర్ దూర్చి మొగ్గ చుట్టూ ఒక్కొక్క రేకూ అతికించుకుంటూ పోవడమే, తొందరగా అవుతుంది, చిన్న మీడియం గులాబీలకి బాగుంటుంది. రెండోది విడి రేకుల కట్టర్, కన్నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది, సెట్‌లో నాలుగైదు సైజులు వస్తాయి, ఫొటోలో ఉండే ఆ పెద్ద విచ్చుకున్న గులాబీలకి ఇదే కావాలి. మొదట మొగ్గకి ఒక రేకు బిగుతుగా చుట్టి, తర్వాత మూడు, తర్వాత అయిదు, పెద్ద పువ్వైతే ఇంకో ఏడు. మొగ్గ కోన్ (మధ్యలో పెట్టే పేస్ట్ ముద్ద) ఎత్తు కట్టర్ పొడవులో మూడింట రెండొంతులే ఉండాలి, లేకపోతే మొదటి రేకు పైనుంచి మొగ్గ ముక్కు బయటికి పొడుచుకొస్తుంది. కోన్‌ని ముందు రోజే వైర్‌కి గుచ్చి ఆరబెట్టుకోండి, పచ్చిగా ఉంటే రేకుల బరువుకి జారిపోతుంది.

మెటలా ప్లాస్టికా అంటే విడి రేకులకి మెటలే. అంచు శుభ్రంగా తెగుతుంది, కావాలంటే చేత్తో కాస్త వంచి ఆకారం మార్చుకోవచ్చు. కాకపోతే స్టీల్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, టిన్‌వి అయితే కడిగి తడిగా వదిలేస్తే తుప్పే, తుడిచి ఇంకా వెచ్చగా ఉన్న ఓవెన్‌లో కాసేపు పెట్టండి.

వైర్ల గేజ్ చాలామందికి తిరగబడుతుంది. నంబర్ పెరిగేకొద్దీ వైర్ సన్నబడుతుంది. గులాబీ మొగ్గకి 18 లేదా 20, విడిగా వైర్ పెట్టే పెద్ద రేకులకి 26, ఆకులకి సైజుని బట్టి 26, 28, చిన్న తెల్లపూలకి 30, అంతకంటే సన్నం కావాలంటే 33. కాగితం చుట్టినవే తీసుకోండి, ఉత్త ఇనుప తీగకి పేస్ట్ పట్టదు.

అప్పడాల కర్ర వద్దు, చెక్క గీతలన్నీ పేస్ట్ మీద అచ్చు పడతాయి. చిన్న నాన్‌స్టిక్ రోలింగ్ పిన్, గాడి ఉన్న బోర్డ్ కొనుక్కోండి. గాడి మీద పేస్ట్ పరిచి రోల్ చేస్తే వెనకాల ఒక గట్టులా వస్తుంది, వైర్ దాంట్లోకి దూరుతుంది, ఆకులకి ఇది లేకపోతే చాలా కష్టం.

కొంపల్లి కప్‌కేక్:

అందరూ పాపం కిట్‌ని తిడుతున్నారు కానీ నేను కిట్‌తోనే మొదలెట్టాను మేడమ్, నా పువ్వులు ఎవరూ తిరగ్గొట్టలేదు. ప్లాస్టిక్ బాల్ టూల్ అతుకు గీతని సన్న శాండ్‌పేపర్‌తోనో గోళ్ళు రుద్దే ఫైల్‌తోనో నున్నగా చేసేస్తే అయిపోయింది. ఆ కిట్‌లో ఉండే డ్రెస్డెన్ టూల్, అదే ఒక పక్క చెంచాలా ఒక పక్క ముక్కులా ఉండేది, రోజూ వాడుతున్నా. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఏ టూల్ చేతికి నప్పుతుందో తెలియాలంటే పది రకాలు చేతిలో ఉండాలి కదా. ముందే రెండు మూడు వేలు ఒక్క వెయినర్‌కి పోసి, ఈ పని నా వల్ల కాదు అనుకుంటే ఎవరికి అమ్ముతారు?

సైనిక్‌పురి షుగర్‌క్రాఫ్ట్:

శాండ్‌పేపర్ సంగతి నిజమే, పని చేస్తుంది. డ్రెస్డెన్ కూడా ప్లాస్టిక్‌ది చాలు. కానీ ఈవిడ హాబీకి నేర్చుకోవట్లేదండి, చేతిలో ఆర్డర్ ఉంది, తారీఖు ఉంది. పది టూల్స్ ట్రై చేసే టైమ్ లేదు, ఒక పువ్వు చేయి తిరగాలి అంతే.

వెయినర్ మీద మాత్రం మీతో సగం ఒప్పుకుంటా. గులాబీ రేకుకి ఈనెలు చాలా తేలిగ్గా ఉంటాయి, వెయినర్ లేకపోయినా పువ్వు పాడవదు. ఆకుకి మాత్రం కావాలి, ఈనెలు లేని ఆకు పచ్చ కాగితం ముక్కలా ఉంటుంది. దానికి నిజం గులాబీ ఆకునే తిరగేసి నొక్కినా అచ్చు పడుతుంది కానీ ఆకులకి మందులు కొట్టి ఉంటారు, తినే వస్తువు మీద అది వద్దు. ఫుడ్ గ్రేడ్ సిలికాన్ పుట్టీ దొరుకుతుంది, రెండు ముద్దలు సమానంగా కలిపి పరిచి, కడిగి తుడిచిన ఆకుని వెనకవైపు ఆనేలా నొక్కి గట్టిపడనివ్వండి, తర్వాత ఆ అచ్చుని సబ్బుతో బాగా కడిగేస్తే మీ సొంత వెయినర్. గులాబీ బయటి రేకులతో కూడా ఇలాగే చేసుకోవచ్చు.

అసలు గుడిమల్కాపూర్ వెళ్ళడం ఎలాగూ అలవాటే కదా, ఒక డచ్ రోజ్ కట్ట తెచ్చుకుని ఒక్కో పువ్వునీ రేకు రేకుగా విప్పి వరసగా టేబుల్ మీద పరచండి. లోపలి రేకులు ఎంత చిన్నవో, బయటివి ఎంత వెడల్పో, ఎక్కడ వెనక్కి తిరిగాయో అన్నీ కనిపిస్తాయి. ఆ రేకుల సైజు గీసుకుని ఆ కాగితం పట్టుకుని కట్టర్ కొనడానికి వెళ్ళండి.

నిజాంపేట్ బేకర్:

అమ్మో ఎంత విషయం ఉందో, అందరికీ చాలా థాంక్స్. కిట్ కార్ట్‌లోంచి తీసేశా. ఇంకో రెండు డౌట్లు. ఎగ్‌లెస్ పేస్ట్ ఎలా, నేను చూసిన గమ్‌పేస్ట్ వీడియోలన్నిటిలో గుడ్డు తెల్లసొనే ఉంది. రెండోది, కేక్ విప్పింగ్ క్రీమే కావాలంటున్నారు, ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే, మరి పువ్వులు?

మారేడ్‌పల్లి ఆంటీ:

అమ్మా, నేను సికింద్రాబాద్ చర్చి పెళ్ళిళ్ళకి చాలా ఏళ్ళుగా కేకులు చేస్తున్నాను, మా రోజుల్లో రాయల్ ఐసింగ్‌తో (తెల్లసొన, పంచదార పొడి కలిపిన గట్టిపడే ఐసింగ్) నెయిల్ మీద (మేకులాంటి చిన్న స్టాండ్) తిప్పుతూ పైపింగ్ చేసేవాళ్ళం, ఈ వైర్లూ బాల్ టూల్సూ తర్వాత వచ్చాయి. టూల్స్ గురించి వాళ్ళు చెప్పారు, నేను పేస్ట్ గురించి, వాన గురించి చెప్తాను, ఎందుకంటే ఎంత ఖరీదు టూల్ అయినా పేస్ట్ బాగోకపోతే దండగ.

గుడ్డు లేకుండా అంటే తేలిక దారి ఫాండెంట్‌లో సీఎంసీ పొడి కలపడం. దాన్నే టైలోజ్ అని కూడా అమ్ముతారు, డబ్బా మీద ఈ 466 అని ఉంటుంది. పావుకిలో ఫాండెంట్‌కి ఒక టీస్పూన్ వేస్తే బొమ్మలకి సరిపడా గట్టిపడుతుంది, రేకులకి ఇంకో అర నుంచి ఒక టీస్పూన్ పట్టొచ్చు. చేతికి కాస్త డాల్డా రాసుకుని బాగా పిసికి, గాలి తగలకుండా చుట్టి ఒక రాత్రి వదిలేయి. ఫాండెంట్ కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్క చూడు, కొన్నిట్లో జెలటిన్ ఉంటుంది, అది వెజ్ వాళ్ళకి పనికిరాదు. మెరింగ్ పౌడర్ అన్నా గుడ్డే, ఎండబెట్టిన గుడ్డు. అతికించడానికి తెల్లసొన బదులు పావు టీస్పూన్ సీఎంసీని రెండు టేబుల్‌స్పూన్ల నీళ్ళలో వేసి వదిలెయ్, తెల్లారేసరికి జిగురు తయారు.

వానాకాలం సంగతి. పంచదార గాలిలో తడిని లాగేసుకుంటుంది, మే నెలలో అయితే కట్ చేసిన రేకు అంచు నువ్వు బాల్ పట్టుకునేలోపే ఎండి పగుళ్ళిస్తుంది, అదే శ్రావణంలో పొద్దున చేసింది సాయంత్రానికి కూడా మెత్తగానే ఉండి తల వాల్చేస్తుంది. అందుకే సీఎంసీ ఎండాకాలం తక్కువ, వానాకాలం కాస్త ఎక్కువ. ఏసీ ఉన్న గదిలో ఆరబెట్టు, డ్రై మోడ్ ఉంటే అది పెట్టు. పూర్తిగా ఎండాక గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, వెలుతురు తగలని చోట దాచు, గులాబీ రంగు వెలుతురుకి వెలిసిపోతుంది. అలా పెడితే నెలల తరబడి ఉంటాయి. ఆషాఢంలో ముహూర్తాలుండవు కదా, చేతిలో ఆర్డర్లు తగ్గుతాయి, పువ్వులన్నీ అప్పుడే చేసేసుకో, శ్రావణం వచ్చాక నీకు ఊపిరాడదు. ఎప్పుడూ అడిగినదానికంటే రెండు మూడు పువ్వులు ఎక్కువ చెయ్యి, దారిలో ఒకటైనా విరుగుతుంది.

ఫ్రిజ్‌లో మాత్రం పువ్వులు పెట్టకు తల్లీ. బయటికి తీయగానే చెమట పట్టి రంగు కారుతుంది. క్రీమ్ కేక్ ఫ్రిజ్‌లో, పువ్వులు డబ్బాలో, రెండూ వేరువేరుగా ఫంక్షన్ హాల్‌కి తీసుకెళ్ళి అక్కడ చివర్లో పెట్టు. క్రీమ్‌కి నేరుగా ఆనితే రేకు కింద నుంచి కరుగుతుంది, కాబట్టి కాస్త ఎత్తులో నిలబడేలా చూడు. వైర్‌ని కేక్‌లో గుచ్చకూడదు, పోజీ పిక్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి, అవి గుచ్చి వాటిలో కాస్త ఫాండెంట్ ముద్ద పెట్టి వైర్ దాంట్లో నిలబెట్టు. దొరక్కపోతే లావు స్ట్రాలు. లాన్‌లో ఫంక్షన్ అయితే మాత్రం కేక్‌ని ఎప్పుడు కట్ చేస్తారో ముందే అడుగు, మన పెళ్ళిళ్ళలో ఏడింటికి అని తొమ్మిదిన్నరకి కోస్తారు.

బర్కత్‌పురా బ్రౌనీ:

తొమ్మిదిన్నర అంటున్నవ్ ఆంటీ, మా దిక్కు పదకొండు కూడా అయితది 😂

అక్కా ఆ సందుల చిన్న తెల్లపూలకు కట్టర్ కొనకు, మల్లెపూలు చెయ్యి. చిన్న పేస్ట్ ముద్దను కన్నీటిబొట్టు లెక్క చేసి, లావు వైపు పుల్లతోని బొక్క పెట్టి, చిన్న కత్తెరతోని చీలికలు కోసి, ఒక్కో చీలికను వేళ్ళతోని నొక్కి లాగితే రేకైతది. 30 గేజ్ వైర్ మీద గుచ్చు. మొగ్గలైతే ఇంకా అల్కగ, ముద్ద సాగదీసి మూడు గీతలు గీస్తే అయిపాయె. పెళ్ళికూతురు పంపిన ఫొటోల ఏవో ఇంగ్లీషు పూలుంటయ్, వాటి పేరు ఆమెకు కూడా తెల్వదు, మల్లెమొగ్గలు పెట్టి చూపియ్యి, మురిసిపోతది.

ఆరబెట్టనీకి ఫార్మర్లు (రేకు వంపు నిలబెట్టే గుంతల అచ్చులు) కూడా కొనకు. పండ్ల బండాయన దగ్గర ఆపిల్ పండ్ల కింద వచ్చే గుంతల ట్రేలు అడుగు, ఊకెనే ఇస్తడు, దాంట్ల కాగితం పరిచి రేకులు పెడితే మంచిగ వంపు వస్తది. చిన్న రేకులకు ప్లాస్టిక్ చెంచాలు చాలు.

కొంపల్లి కప్‌కేక్:

రంగుల గురించి ఎవరూ చెప్పలేదు. డ్రై పెటల్ డస్ట్‌ని, అంటే రంగు పొడిని, మెత్తటి బ్రష్‌తో రేకు అంచులకి, మధ్యలో అద్దుతారు, తర్వాత కెటిల్ ఆవిరిలో రెండు మూడు సెకన్లు చూపిస్తే పొడి పట్టుకుని సహజంగా మెరుస్తుంది, ఎక్కువసేపు పెడితే కరిగిపోతుంది జాగ్రత్త. డస్ట్ డబ్బా మీద నాన్‌టాక్సిక్ అని మాత్రమే ఉంటే తీసుకోవద్దు, ఎడిబుల్ అని, లోపల ఏమేం ఉన్నాయో, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఫుడ్ సేఫ్టీ వాళ్ళ) లైసెన్స్ 14 అంకెల నంబరూ ఉండాలి. 2018లో అమెరికా రోడ్ ఐలాండ్‌లో బర్త్‌డే కేక్ మీద రోజ్ గోల్డ్ డస్ట్ వేస్తే అది తిన్న పిల్లలకి వాంతులయ్యాయి, చూస్తే ఆ పొడిలో ఎక్కువ భాగం రాగే. గోల్డ్ అంటే మనవాళ్ళకి పిచ్చి కాబట్టి చెప్తున్నా. పువ్వులు వైర్‌వి కాబట్టి ఎవరూ తినరులే అనుకోకండి, పిల్లలు రేకు పీక్కుని నోట్లో పెట్టుకుంటారు.

సైనిక్‌పురి షుగర్‌క్రాఫ్ట్:

కేక్ అప్పజెప్పేటప్పుడు పువ్వుల్లో వైర్లున్నాయి, కోసే ముందు తీసేయండి అని ఇంట్లో పెద్దవాళ్ళకి ఒకసారి, క్యాటరింగ్ వాళ్ళకి ఒకసారి చెప్పండి. ఎన్ని పువ్వులు పెట్టారో లెక్క రాసి ఇవ్వండి, తీసేటప్పుడు అన్నీ వచ్చాయో లేదో చూసుకుంటారు. మొగ్గకి థర్మోకోల్ బాల్ వాడితే అది కూడా చెప్పాలి. మీరు పేస్ట్‌తోనే చేయండి, అమ్మాయి అన్నీ పంచదారతోనే అంది కదా.

రేటు కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. ఒక పెద్ద గులాబీకి కోన్, రేకులు, ఆరబెట్టడం, రంగు అన్నీ కలిపి మూడు రోజులు దాని వెనకే తిరుగుతాం, కేక్ కిలో రేటులో కలిపేస్తే మునిగిపోతారు. పువ్వుకింత అని విడిగా వేయండి.

నిజాంపేట్ బేకర్:

సరే అయితే నా లిస్ట్ ఇదీ: రెండు సైజుల స్టీల్ బాల్ టూల్, విడి రేకుల మెటల్ కట్టర్ సెట్, ఒక ఆకు కట్టర్, గాడి బోర్డ్, చిన్న పిన్, ఫోమ్ ప్యాడ్, ప్లాస్టిక్ డ్రెస్డెన్, 18, 26, 30 వైర్లు, గ్రీన్ టేప్, తెల్ల టేప్, సీఎంసీ, పోజీ పిక్స్, రెండు డస్టులు. వెయినర్ కొనను, పుట్టీతో చేసుకుంటా. మల్లెల ఐడియా అమ్మాయికి చెప్పా, వాళ్ళమ్మకి తెగ నచ్చేసిందట, ఇప్పుడు పై టయర్ నుంచి కిందకి జడలో దండలా వేలాడాలట, అంటే ఎన్ని మల్లెలు చేయాలో మీరే లెక్కేసుకోండి. బ్రౌనీ, నిన్ను వదలను.

పుట్టీ మాత్రం చూసిన చోటల్లా పెద్ద ప్యాకే ఉంది, నాకు సగం కూడా పట్టదు. ఎవరైనా పంచుకుంటారా?

బర్కత్‌పురా బ్రౌనీ:

నాకు కావాలె అక్కా, సగం పైసలు నేనిస్త. ఆదివారం అమీర్‌పేట్ మెట్రో కాడ కలుద్దామా? ప్యాక్ విప్పకుండనే తేవాలె, రెండు ముద్దల డబ్బాలు వేరువేరు ఉంటయ్, కలిపినవంటే అక్కడనే గట్టిపడ్తది.